పక్కింటామె ఎందుకు రాలేదు?

మా వియ్యపురాలు పోయిందని కుప్పం నుంచి ఫోను వచ్చేసరికి నేను మదనపల్లెలో అద్దం ముందు కూర్చుని మీసానికి రంగు వేసుకుంటున్నాను. ఒక పక్క నల్లగా, ఒక పక్క తెల్లగా ఉండగానే బస్సెక్కాను. ఆమె చూసుంటే కడుపుబ్బ నవ్వేది.

నేను వీధినాటకంలో దుర్యోధనుడిని. చదువు అయిదో తరగతిలోనే ఆగింది గాని గొంతు ఆగలేదు. ఆమె లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి. కొన్నేళ్ల కిందట మా ఆటలకు జనం బాగా తగ్గిపోయారు. పుంగనూరులో ఉత్సవం జరిపే పెద్దలు మొహం మీదే చెప్పేశారు.

"ఈ తూరి గూడా జనం రాకుంటే, వచ్చే ఏడు ఆర్కెస్ట్రా పెట్టుకుంటామప్పా."

మా మేళంలో ఎవరికీ ఆ పూట అన్నం దిగలేదు. ఆమె మాత్రం, "జనాన్ని అడిగినారా అన్నా?" అంది.

"యాల అడగల్ల చెల్లెమ్మా? అందురూ బాగుందనే అంటాండారు."

"మీసం తిప్పుతా ఎదురుగా నిలబడితే, బాగలేదని యెవురంటారు?"

తానే పుంగనూరు వచ్చి, సాయంత్రం పాలు పోసే చోట నిలబడి ఆడవాళ్లను అడిగింది. అందరూ "శానా బాగుందమ్మా" అన్నారు. మరుసటి రోజు ప్రశ్న మార్చింది. "మీ పక్కింటామె ఆటకు రాలేదే, యాల?"

ఇంక చూడండి! మనవాళ్లు తమ బాధ చెప్పరు గాని పక్కింటామె బాధ అడక్కుండానే చెప్తారు.

"తెల్లారకముందే లేసి పాలు పిండల్లంట, రాత్రంతా యాడ కూసుంటాది?"

"ద్రౌపది యెప్పుడొస్తాదో తెలీదంట. దుర్యోధనుడొచ్చి గంటసేపు ఎగరతానే ఉంటాడంట!"

"ముందరంతా మొగోళ్లే కుర్చీలేసుకుంటారంట."

"పక్కింటామె యెవురో కాదన్నా, చెప్పే ఆమే," అని నవ్వింది మా వియ్యపురాలు. మదనపల్లెలో అడిగితే పొద్దున్నే టమాటా మార్కెట్టు పని అన్నారు, కుప్పంలో తెల్లారే బెంగళూరు రైలు అందుకోవాలన్నారు. ఏ వీధిలో ఎందరు ఏం చెప్పారో మనిషికో గీత గీసి లెక్కేసింది. ఊరికో టైము పెట్టించింది. ముందు వరస ఆడవాళ్ల చాపలకు వదిలించింది. నా ఎగురుడు సగానికి కోసింది. పోస్టరు మీద నా బొమ్మ తీసేసి ద్రౌపది బొమ్మ, ఆమె వచ్చే టైము వేయించింది.

"నా మీసం తీసేస్తావా చెల్లెమ్మా?"

"మీసం యాడికీ పోదన్నా. జనమే పోతాండారు."

ఆ ఏడు పుంగనూరు పెద్దలు ఆర్కెస్ట్రా మాటెత్తలేదు. వచ్చిన జనానికి చాలక మైకు ఇంకొకటి కట్టించే హడావుడిలో ఉండిపోయారు. నేను మాత్రం ఊరంతా తిరిగి, "ఆ టీచరమ్మ మా వియ్యపురాలే" అని అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పుకున్నాను. ఇప్పటికీ చెప్పుకుంటున్నాను.

ఆమె కర్మ అయిపోయాక, మొన్న మళ్లీ పుంగనూరులో ఆడాం. ఆట మొదలయ్యే ముందు తెర పక్క నుంచి చూశాను. ఇంకో చాప పరిచేందుకు చోటు లేదు. ముందు వరసలో ఒకామె మోకాళ్ల మీద లేచి, దూరంగా వస్తున్న ఎవరికో చెయ్యి ఊపుతూ, రెండో చేత్తో తన చాప అంచు మడిచి చోటు చేస్తోంది.