ఆలస్యంగా కోసిన ద్రాక్ష

మలేషియాలో, జార్జ్ టౌన్ నుంచి వస్తున్న బస్సులో, నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని పక్కసీటు పెద్దావిడ పలకరించింది. ఆవిడ ఒళ్ళో తువ్వాలు చుట్టిన జర్మన్ వైన్ సీసా ఉంది. లేబుల్ మీద ‘ష్పేట్‌లేజె’ అన్న మాట చూపించి, ఆలస్యంగా కోసిన ద్రాక్ష అని అర్థం చెప్పింది.

“కోసినప్పుడు పండు ఎంత ముగ్గిందో చూసి తరగతి ఇస్తారంట బాబూ. మా ఎస్టేట్లో పామాయిల్ గెల మరీ ముగ్గిపోతే మిల్లోళ్ళు వెనక్కి పంపేసేవోరు. ఈ సీసావోళ్ళు మరీ ముగ్గినదాన్నే పై తరగతిలో ఎట్టినారు.”

“ఈ సీసా ఎవరికోసం పెద్దమ్మా?”

“నాకే.”

దిగేముందు సంచిలోంచి వైన్ గ్లాసొకటి తీసి నా చేతిలో పెట్టింది. “జతగానే అమ్మినారు. రెండోది నానేటి సేసుకుంటాను?”

సైబర్‌జయలో నా గదిలో ఉన్న గ్లాసు అదొక్కటే. మంచినీళ్ళు దాంతోనే తాగుతాను.