నాలుగో కుట్టు

ఆ వీధిలో అందరూ ఆయన్ని కోట్ల టైలర్ అంటారు. ముప్పై ఏళ్లుగా కోట్లు కుడుతున్నాడు గానీ కోట్లు చూసిన పాపాన పోలేదని భార్య ఎగతాళి చేస్తుంది. మాట కాస్త పెళుసే, కానీ ఆయన చేతి పనికి వంక పెట్టిన మొనగాడు లేడు. ఇక పిల్లలు లేరని ఇద్దరూ మనసు సరిపెట్టుకున్నాక, ఆయనకు నలభై ఆరో ఏట కూతురు పుట్టింది. దాన్ని నెత్తిన పెట్టుకుని పెంచారు. ఇంట్లో దాని పేరు పిడుగు.

పిడుగుకి నాలుగేళ్లప్పుడు దుకాణంలో మిగిలిన ఆకుపచ్చ కాన్వాసు గుడ్డతో ఆయనే ఒక గుడారం కుట్టాడు. అప్పటి నుంచీ ఏటా బడి సెలవుల్లో ముగ్గురూ ఏటి ఒడ్డున మూడు రోజులు గుడారం వేసుకుని ఉండి వస్తారు. పిల్ల ఏడాదంతా ఆ మూడు రోజుల కోసమే ఎదురుచూస్తుంది.

నిరుడు ఆయన మోకాళ్లు మొరాయించాయి. నేల మీద నుంచి లేవబోయి మూడుసార్లు కూలబడ్డాడు. నాలుగోసారి గుడారం కర్ర పట్టుకుంటే గుడారమంతా మీద పడింది. పక్క గుడారంలోని కుర్ర తండ్రి పరుగున వచ్చి లేవదీశాడు.

“జాగ్రత్త పెద్దాయనా! పాపా, తాతగారికి కాసిని మంచినీళ్లివ్వమ్మా.”

“తాత కాదు, మా నాన్న,” అంది పిల్ల. అప్పుడు ఎర్రబడిన దాని ముఖం ఏడాదిగా ఆయన కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

ఈ ఏడు రాలేనని నోరు తెరిచి చెప్పొచ్చు. చెప్పలేదు. దాన్ని పౌరుషమని గొప్పగా చెప్పుకోనక్కర్లేదు, ఉత్త పిరికితనం. ప్రయాణానికి వారం ముందు, తల్లీకూతుళ్లు బజారుకెళ్లిన సమయం చూసి, అటక మీంచి గుడారం దించి, బ్లేడుతో పైకప్పు కుట్టు రెండు మూరల మేర విప్పేశాడు. వాళ్లు రాగానే పిల్లని పిలిచి చూపించాడు.

“పాతబడిపోయిందమ్మా. దారం చివికి ఊడిపోయింది. మందపాటి గుడ్డ కుట్టే మిషనేమో రిపేరుకి పోయింది. అది వచ్చేసరికి నీ సెలవులు అయిపోతాయి.”

పిల్ల ఆ కుట్టు వెంట వేలితో తడుముతూ చాలాసేపు చూసింది. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు.

“చేత్తో కుడతాను.”

“నీ వల్ల కాదే. ఆ గుడ్డలో సూది దిగదు.”

“దిగేదాకా కుడతాను.”

మర్నాటి నుంచి దుకాణంలో ఆయన బల్ల పక్కనే చేరింది. సూది గుచ్చుకున్నప్పుడల్లా ‘స్స్’ అని వేలు నోట్లో పెట్టుకుని ఆయన వంక చూసేది. ఆయన తేలు కుట్టిన దొంగలా కోటు మీదికి వంగిపోయేవాడు. మూడో రోజున కోటు కుడి చెయ్యి తీసుకెళ్లి ఎడమ భుజానికి కుట్టాడు. ముప్పై ఏళ్లలో అలాంటి పని చెయ్యలేదు.

సాయంత్రం భార్య పిల్ల వేళ్లకు మందు రాస్తూ, “మీకు చేతకాకనా? ఓ పూట కూర్చుని మీరే కుట్టి ఇస్తే ఏం పోయిందండీ? పసిదాని వేళ్లు చూడండి, జల్లెడలయ్యాయి,” అంది. పని ఎక్కువగా ఉందంటూ ఆయన నీళ్లు నమిలాడు.

ఐదో రోజుకి ఇక తట్టుకోలేకపోయాడు. కోటు పక్కన పడేసి చెయ్యి చాచాడు. “ఇలా ఇవ్వమ్మా. మిగతాది నేను కుడతా.”

పిల్ల ఇవ్వలేదు. గౌను జేబులోంచి అగ్గిపెట్టె తీసి, తెరిచి, బల్ల మీద బోర్లించింది. అన్నీ గుడారం కుట్టులోంచి ఏరిన ఆకుపచ్చ దారం ముక్కలు. అన్నీ ఒకే పొడవు.

“దారం చివికితే ఎక్కడపడితే అక్కడ తెగుతుంది కదా నాన్నా. గుడ్డ పాడవకుండా విప్పాలంటే ప్రతి నాలుగో కుట్టూ కొయ్యాలని నువ్వే నేర్పావు.”

అబద్ధమాడేవాడు గుడ్డని పరపరా చింపెయ్యాల్సింది. ఆ చేతులు గుడ్డ చింపడానికి ఒప్పుకోలేదు, ఏం చేస్తాం!

“ఎప్పుడు తెలిసింది?”

“మొదటి రోజే. నువ్వే చెప్తావేమోనని చూశాను.” పిల్ల తల దించుకుంది. “నిరుడు ఆయన నిన్ను తాత అన్నప్పుడు నాకు సిగ్గేసింది నాన్నా. నిజంగానే వేసింది. అది నీకు తెలిసిపోయి, నా మీద కోపంతో విప్పేశావు కదూ?”

తను చేసిన తప్పుని ఐదు రోజులుగా పిల్ల తన నెత్తినేసుకుని కుడుతోంది. ఆ సంగతి తెలిశాక ఆయనకు ఏడుపాగలేదు. మెడలో టేపుతో, ఎదురుగా కోటు తీసుకోవడానికొచ్చిన మనిషి చూస్తుండగానే ఏడ్చేశాడు.

“కోపం కాదమ్మా. మోకాళ్లు. కూర్చుంటే లేవలేకపోతున్నా. నీతో చెప్పడానికి ముఖం చెల్లక ఈ దిక్కుమాలిన పని చేశా.”

ముగ్గురూ ఏటి ఒడ్డుకి వెళ్లారు. దుకాణంలోని స్టూలు కూడా వాళ్ల వెంట వెళ్లింది. రెండో రోజు మధ్యాహ్నం వాన పట్టుకుంది. పిల్ల కుట్టిన చోట నీళ్లు దిగి సరిగ్గా ఆయన భుజం మీద పడుతున్నాయి.

“కారుతోందా నాన్నా?”

లేదనబోయి ఆగాడు. “కారుతోంది.”

“మోకాళ్లు?”

“నొప్పెడుతున్నాయి.”

“ఇంకా ఎన్నేళ్లు రాగలవు?”

బట్టలు మడుస్తున్న భార్య చేతులు ఆగిపోయాయి.

“తెలీదమ్మా. ఒకటో, రెండో.”

పిల్ల ముఖం చిన్నబోయింది. ఆయన స్టూలుని కాస్త పక్కకి జరిపించి, చుక్కలు పడే చోట గిన్నె పెట్టి, పొడిగా ఉన్న మూల నుంచి తన పక్క ఈడ్చుకొచ్చి, ఆ తడిలోనే ఆయన స్టూలుకి ఆనించి పరుచుకుంది.