గరాజ్‌లో ఉండలేనివి

ఈ ఉదయం గరాజ్ తలుపు ఎత్తగానే చలిగాలి మొహాన కొట్టింది. రంగులూ జిగురూ లోపలికి తెచ్చుకుందామని వెళ్లి, అలవాటు కొద్దీ ఒక పెరుగు డబ్బా మూత తీసి వాసన చూశాను. జిగురే. విశాలాక్షి ఆంటీ గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆవిడ మా వెనక వీధిలో ఉండేవారు. ఆపరేషన్లకు ముందు మత్తు ఇచ్చే డాక్టరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా జనాన్ని నిద్రపుచ్చిన మనిషి, ఆ తర్వాత ఎవరినీ ఊరికే కూర్చోనివ్వలేదు. కాగితం నానబెట్టి, రుబ్బి, తెల్ల జిగురు కలిపి కొలువు బొమ్మలు చేసేవారు. ఆ సరంజామా అంతా గరాజ్‌లోనే.

నేను అప్పుడే పెళ్లయి డిపెండెంట్ వీసా మీద వచ్చాను. ఉద్యోగం చేయకూడదు, కారు నడపడం రాదు. మా ఆయన ఆఫీస్‌కి వెళ్తే సాయంత్రం దాకా గోడలే దిక్కు. నేను వెళ్లిపోతాను, టికెట్ బుక్ చేయమని రోజూ పోరు పెట్టేదాన్ని. విసిగి విసిగి ఆయన సరేనన్న వారంలోనే ఆంటీ ఫోన్ చేశారు. అప్పటికి మాది గుడిలో ఒకసారి పలకరించుకున్న పరిచయం మాత్రమే.

"మంచు పడేలా ఉందమ్మా. గరాజ్‌లో హీటింగ్ లేదు. నా పేషెంట్లని లోపలికి షిఫ్ట్ చేయాలి, వస్తావా?"

వెళ్లాను. గుడ్డలు, పూసలు, తీగలు చూసి "వీటిని చలి ఏం చేస్తుంది? ఇక్కడే ఉండనీ" అన్నారు. రంగులూ జిగురూ మాత్రం జాగ్రత్తగా నా చేతికిచ్చారు. "ఇవి ఒకసారి గడ్డకట్టాయంటే మళ్లీ కరిగినా విరిగిన పాలే. ఐసీయూకి పద." ఐసీయూ అంటే వాళ్ల డైనింగ్ టేబుల్. అంకుల్ కంచం చేత్తో పట్టుకుని నిలబడి, "మరి నన్నెక్కడ అడ్మిట్ చేస్తావ్?" అన్నారు.

మన ఇళ్లలో ఖాళీ పెరుగు డబ్బా పారేసే ఆచారం లేదు కదా. ఆవిడ జిగురూ అందులోనే, పెరుగూ అందులోనే. వచ్చేటప్పుడు తోడు అడిగితే, మాటల్లో పడి ఒక డబ్బా చేతిలో పెట్టారు. తెల్లగా, చిక్కగా ఉంటే పెరుగు కాక ఇంకేమిటనుకుని ఒక చెంచా పాలలో కలిపాను.

మర్నాడు మా ఆయన గిన్నె మూత తీసి, "ఇదేం పెరుగు? పోస్టాఫీసు వాసనొస్తోంది" అన్నాడు.

నేను ఫోన్ అందుకునేలోపే ఆంటీ నుంచి ఫోన్. జిగురనుకుని తన దగ్గర మిగిలిన పెరుగు కాగితపు గుజ్జులో కలిపి, ఏనుగు బొమ్మ చేసి హీటర్ దగ్గర ఆరబెట్టారట. "ఇల్లంతా పులిసిన కంపమ్మా!" వెనక నుంచి అంకుల్ గొంతు: "ఏనుగుకి కాస్త తాలింపు కూడా పెట్టు!"

పొట్ట పట్టుకుని నవ్వాను. అమెరికా వచ్చాక అంతగా నవ్వడం అదే మొదలు. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపొచ్చేసింది. టికెట్ సంగతి చెప్పేశాను.

ఆంటీ అన్నారు: "కొన్ని చలికి ఆగుతాయి, కొన్ని ఆగవు. ఆగకపోతే తప్పేం కాదమ్మా, లోపల పెట్టుకోవాలంతే. రేపట్నుంచి పొద్దున్నే మా ఇంటికొచ్చెయ్. ఏనుగుకి తొండం ఊడింది, మళ్లీ అతికించాలి. టికెట్ సంగతి మంచు కరిగాక చూద్దాం."

మంచు కరిగింది. టికెట్ మాట నేనూ ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు.

ఆంటీ పోయాక అంకుల్ ఆ ఏనుగును నాకిచ్చారు. పులిసిన వాసన ఎప్పుడో పోయింది, తొండం మాత్రం ఇప్పటికీ వంకరే. ఎండిన కాగితం బొమ్మ, చలికి దానికేమీ కాదు. ఆంటీ లెక్కలో అది గరాజ్ సరుకే. అయినా నేను దాన్ని హాల్లో హీటర్ పక్కనే ఉంచుకున్నాను.