మైదానం మొత్తం మా స్టాఫే

సీజన్ పొడవునా ఏ జట్టూ ఆపలేకపోయిన ఒక కాలేజీ ఫుట్‌బాల్ టీమును, బంతికి కాలు కూడా తగిలించకుండా, కూర్చున్న సీట్లోంచి లేవకుండా ఆపేయబోయిన ఘనుడొకడున్నాడు. ఆ ఘనుణ్ణి నేనే. చదివాక నన్ను తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి, నేనూ మీతో గొంతు కలుపుతాను.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. కాకినాడలో ఎంబీఏ చదివి, రియాద్‌లో మలాజ్ పేటలోని ఒక మెయింటెనెన్సు కంపెనీలో హెచ్చార్ గుమాస్తాగా చేరాను. గుమాస్తా అన్నది కాగితం మీద మాట. నా ఉద్దేశంలో కంపెనీని నడిపేది నేనే, మిగతావాళ్ళు నాకు సాయం చేస్తున్నారు. దగ్గర్లోని ఒక ప్రైవేటు కాలేజీలో ఏసీలు, కుళాయిలు, ఫుట్‌బాల్ మైదానంలో గడ్డి, అన్నీ మా కంపెనీయే చూసేది. గడ్డి బాధ్యత జగిత్యాల రాజన్నది. పదిహేనేళ్ళుగా ఆ ఎండలో పచ్చికను బతికించుకొస్తున్న మనిషి. అలాంటివాడికి కూడా నేను రోజుకో సలహా చెప్పేవాణ్ణి.

నితాఖాత్, అంటే స్థానికులకు ఉద్యోగాలివ్వాలన్న సర్కారు లెక్క, దాని రంగులూ, బయటి దేశాలవాళ్ళ మీద వేసే లెవీల బరువూ కలిసి మీద పడ్డ రోజులవి. కంపెనీలో సౌదీలు తగినంతమంది ఉంటే ఆకుపచ్చ, తగ్గితే పసుపు, మరీ తగ్గితే ఎరుపు. ఎరుపులో పడితే మాబోటి బయటి దేశాలవాళ్ళ ఇఖామా, అంటే అక్కడ ఉండి పనిచేసుకోనిచ్చే కార్డు, రెన్యూ కాదు. ఇఖామా లేకపోతే ఇక పెట్టె సర్దుకోవడమే. మాది పసుపులోంచి ఎరుపులోకి జారుతోంది. నా ఇఖామాకు మూడు నెలలే గడువుంది. మా ముదీర్, అంటే మేనేజరు, నన్ను పిలిచి, ఆకుపచ్చ చేస్తే ఉంటావు, లేకపోతే టికెట్ నేనే కొనిస్తానని ఎంతో ప్రేమగా చెప్పాడు.

ఆ సాయంత్రం మైదానం గట్టున దిగాలుగా కూర్చుంటే, ఎదురుగా కాలేజీ టీము ప్రాక్టీసు చేస్తోంది. లెక్కపెట్టాను. పదకొండు మంది, పదకొండు మందీ సౌదీలే. చదువుకునేవాళ్ళను పార్ట్‌టైముగా పెట్టుకున్నా సగం మనిషి కింద లెక్కలోకి వస్తారు. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

కెప్టెన్ పేరు తుర్కీ. పొడుగ్గా ఉంటాడు, నెమ్మదిగా మాట్లాడతాడు. మా కంపెనీలో అందరికీ ఉద్యోగాలిస్తానంటే, ఏం పని అని అడిగాడు. రోజూ సాయంత్రం మైదానానికొచ్చి లైట్లు వెలుగుతున్నాయో లేదో, నెట్లు చిరిగాయో లేదో చూసి చెప్పడమే అన్నాను. అది ఇప్పుడు జీతం లేకుండానే చేస్తున్నాం కదా అన్నాడు. ఇకమీదట జీతంతో చేయండి అన్నాను. వారం తిరక్కుండా పదకొండు సంతకాలూ పడ్డాయి.

రాజన్న ఒక్కడే తల గోక్కున్నాడు.

“సారూ, అందర్నీ ఒక్క కాడికెల్లే తీస్కుంటివి. ఏదన్న అడ్డమొస్తే పదకొండు మందికీ ఒక్కసారే వస్తది గద?”

“రాజన్నా, నువ్వు గడ్డి చూసుకో. మనుషుల్ని నేను చూసుకుంటాను.”

“మంచిది సారూ. గడ్డికి నోరుండదు, గదొక్కటి నయం.”

కంపెనీ ఆకుపచ్చ అయింది. నేను మనిషిలా నడవడం మానేశాను, ఊరేగడం మొదలుపెట్టాను. ఒక్కొక్కరి ఇఖామా రెన్యూ చేయిస్తూ, పెళ్ళిపెద్ద ఆఖరి బంతిలో కూర్చున్నట్టు, నాది చివరికి పెట్టుకున్నాను. కాకినాడకు ఫోన్ చేసి నా కింద పదకొండు మంది సౌదీలు పనిచేస్తున్నారని చెబితే మా మావయ్య ఆ సాయంత్రానికే వీధంతా చెప్పేశాడు.

అటు టీము గెలుస్తూనే ఉంది. నేను ఒక్క మ్యాచ్ వదల్లేదు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు కానీ, రిఫరీ తప్పు చెబుతున్నాడని ప్రతిసారీ గట్టిగా నమ్మేవాణ్ణి.

సెమీఫైనల్ రోజు నా పక్క సీట్లో కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దమనిషి కూర్చున్నారు. ఖర్జూరాలు ఇచ్చారు, ఉర్దూలో కబుర్లు కలిపారు. ఏడో నంబరు కుర్రాడు బాగా ఆడుతున్నాడన్నారు. మా స్టాఫే అన్నాను.

“మరి ఆ గోల్‌కీపరు?”

“మా స్టాఫే.”

“పదకొండు మందీనా?”

మాటలెందుకని ఫోన్ తీసి, ఉద్యోగుల నమోదు జాబితా పేరు పేరునా చూపించాను. ఆయన శ్రద్ధగా చదివి, ఫొటో తీసుకోవచ్చా అని అడిగారు. మంచి పని నలుగురికీ తెలియాలి కదా, తీసుకోమన్నాను. తెర మీద వెలుగు పడి అక్షరాలు కనబడటం లేదంటే ఫోన్ ఇటు తిప్పి పట్టుకున్నాను కూడా. అవునండీ, నిజంగానే పట్టుకున్నాను.

ఆయన ఫైనల్లో మా మీద ఆడబోయే కాలేజీకి స్పోర్ట్స్ సూపర్‌వైజరు.

కాలేజీలో గానీ, కాలేజీ కాంట్రాక్టరు దగ్గర గానీ జీతం తీసుకునేవాడు ఆ టోర్నమెంటులో ఆడకూడదట. రెండో రోజుకల్లా టోర్నమెంటువాళ్ళ ఉత్తరం వచ్చింది. దాన్ని పట్టుకుని తుర్కీ నా టేబులు దగ్గరికి వచ్చాడు.

“మా పేర్లు తీసేస్తే ఫైనల్ ఆడనిస్తామన్నారు.”

“తీసేస్తే కంపెనీ ఎరుపులో పడుతుంది. నా ఇఖామాకు పన్నెండు రోజులే ఉంది, తుర్కీ.”

అతను అరవలేదు. అరిచినా బాగుండేది. “నాకు ఇదే ఆఖరి సంవత్సరం,” అని ఉత్తరం టేబులు మీద పెట్టి నిలబడ్డాడు.

నాకు సిగ్గేసింది. ఆ కుర్రాళ్ళు నన్ను ఉద్యోగం అడగలేదు, ఫొటో తీసుకోమని చెప్పిందీ వాళ్ళు కాదు. చేసిందంతా నేనూ నా నోరూ. మౌసు పట్టుకుని పదకొండు పేర్లూ తీసేశాను. చివరి పేరు తీసేముందు నా ఇఖామా తేదీ ఇంకోసారి చూసుకున్నానని ఒప్పుకుంటాను.

ఫైనల్ ఒక్క గోలు తేడాతో గెలిచారు. నేను నోరు మూసుకుని చూసిన మొదటి మ్యాచ్ అది. కంపెనీ ఎర్రబడింది. ఏ తేదీకి టికెట్ కొనమంటావని ముదీర్ అడగడం మొదలుపెట్టాడు.

మూడో రోజు తుర్కీ తన అక్క నూరాను వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ హెచ్చార్ చదివి ఉద్యోగం వెతుక్కుంటోంది. ఆవిడ వెనకే ఐదుగురు స్నేహితురాళ్ళు వచ్చారు. అందరూ పూర్తి ఉద్యోగాలకే చేరారు, నిజంగా పని చేశారు. కంపెనీ మళ్ళీ ఆకుపచ్చ అయింది. నేను తుర్కీని కౌగిలించుకుని ఏడ్చినంత పని చేశాను.

నా గడువుకు రెండు రోజుల ముందు నూరా పిలిచింది. హెచ్చార్ సీట్లు ఇక సౌదీలకేనని రూలు వచ్చిందని, నా కుర్చీలో కూర్చుని, చాలా మర్యాదగా వివరించింది.

“మీ ఇఖామా రెన్యూ చేయించాను. వృత్తి మాత్రం మార్చాల్సి వచ్చింది. ఖాళీ ఒక్కటే ఉంది.”

కార్డు తీసుకుని చూశాను. తోటపని కార్మికుడు అని ఉంది.

“మీరు మైదానం వదిలి ఉండలేరని తమ్ముడు చెప్పాడు,” అంది ఆవిడ, నాకు మేలు చేశానన్న సంతోషంతో.

మర్నాడు పొద్దున్నే రాజన్న నీళ్ళ పైపు నా చేతికిచ్చి, “గోల్‌పోస్టు కాడికెల్లి షురూ చెయ్యి సారూ,” అన్నాడు. ఎంబీఏ పట్టా ఉన్న చేత్తో పైపు పట్టుకుని, చీలమండల దాకా బురదలో నిలబడి, ఆ గడ్డి సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో మ్యాచ్ చూడ్డానికి వెళితే పక్క సీటువాడికి స్కోరు తప్ప ఇంకేమీ చెప్పను. అదీ ఆయన రెండుసార్లు అడిగితేనే.