నవ్వేవాళ్ళు కనబడరు

పోయిన మంగళవారం పొద్దున మా పెద్దబాపు చనిపోయాడని మడికొండ నుంచి కబురొచ్చింది. కబురు తెచ్చిన మనిషిని నేనడిగిన మొదటి మాట, "నువ్వు కండ్లతోని చూసినవా?" అని. అడిగాక నాకే ఏడుపొచ్చింది. అది ఆయన మాట. ఎవరు ఏ వార్త తెచ్చినా ముందు అదే అడిగేవాడు.

మా నాన్నకు అన్న అయిన పెద్దబాపు పోలీసు జమేదారుగా పరకాలలో, ఏటూరునాగారంలో పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలినా అనుమానం ఆయన్ని వదల్లేదు. గుమ్మం ముందు చెప్పులు చూసి, లోపల ఎవరున్నారో తేల్చుకున్నాకే ఇంట్లో అడుగుపెట్టేవాడు. చర్చిలో ప్రార్థన జరుగుతున్నప్పుడు ఆయనది ఒక కన్ను తెరిచే ఉండేది. పెద్దమ్మ మందలిస్తే, "అందరు కండ్లు మూస్తే బయట చెప్పులెవలు చూడాలె?" అనేవాడు. "ఊకె నవ్వుకుంట మాట్లాడెటోనితోని జర పైలం" అని మాకు చిన్నప్పటి నుంచీ నూరిపోశాడు.

వాడలో మొదటి టీవీ ఆయనదే. వారానికోసారి సాయంత్రం ఒక ఇంగ్లీషు సీరియల్ వచ్చేది. నిజానికి అది లండన్ డిటెక్టివ్ కథలను వెక్కిరిస్తూ తీసిన హాస్యం. పొడుగు కోటు ఇన్‌స్పెక్టరు శవం పక్కనే కూర్చుని చాయ్ తాగేవాడు, ప్రతివారం తప్పు మనిషినే పట్టుకునేవాడు. గదినిండా జనమే కానీ ఎవరికీ ఇంగ్లీషు రాదు. వచ్చని చెప్పుకునేది పెద్దబాపు ఒక్కడే. ఆయన దాన్ని ఘోరమైన హత్య కేసుగా మాకు విప్పి చెప్పేవాడు.

మధ్యమధ్యలో టీవీలోంచి గుంపుగా నవ్వులు వినిపించేవి. "నవ్వేదెవలన్నా?" అని కూలికి పోయే పక్కింటి అత్త ఒకరోజు అడిగింది.

"గదే కేసు చెల్లే. మనిషి సచ్చిపడుంటే నవ్వుతాండ్రు. కనబడ్తలేరు. అసలు దొంగలు గోడెనుక ఉన్నరు."

ఆ వారం నుంచి మేమెవరం ఇన్‌స్పెక్టరును చూడలేదు. అతని వెనక గోడను చూశాం. నవ్వు వినబడితే చాలు, మా వీపులు జలదరించేవి. పెద్దబాపు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోయేవాడు. దొంగల మీద కోపమనుకున్నాం.

ఒకసారి హైదరాబాదులో చదివే మా మేనత్త కొడుకు వచ్చాడు. సీరియల్ మొదలవగానే పడిపడి నవ్వాడు. "మామా, ఇది నవ్వులాట! గా నవ్వులు రికార్డు చేసి పెట్టినయి" అన్నాడు. పక్కింటి అత్త తల దించుకుంది. పెద్దబాపు పరువు ఇవాళ్టితో పోయిందనుకున్నాను.

ఆయన మాత్రం వాణ్ని కాళ్ళ నుంచి తల దాకా చూశాడు. "రికార్డు చేస్తుంటె నువ్వు చూసినవా?"

"లేదు మామా."

"చూడలే. మరి నీకెవలు చెప్పిండ్రు?"

గదిలో చూపులన్నీ వాడి మీదికి తిరిగాయి. అత్త తన బిడ్డను వాడి పక్కనుంచి లేపి ఇవతలికి లాక్కుంది. మరుసటి వారం జనం ఎప్పటిలాగే వచ్చారు.

అనుమానం మాత్రం నాకు అంటుకుంది. ఆయనకు నిజంగా ఇంగ్లీషు వచ్చా? "పాపం, ముసలాయనకు అర్థం కాదు" అని మేనత్త కొడుకు అన్నప్పుడల్లా అది ఇంకా పెరిగేది. ఉండబట్టలేక ఒకసారి అడిగేశాను. పెద్దబాపు సంబరపడ్డాడు. "నన్నే అనుమానిస్తానవా? పైకొస్తవ్ పో!" అన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

సమాధుల తోట నుంచి తిరిగొచ్చాక అదే మాట పెద్దమ్మను అడిగాను.

"వచ్చు బిడ్డా. నవ్వులాటని మొదటి దినమే ఎరుక. చెప్తే, సమజుగానోళ్ళు నవ్వలేక చిన్నబోతరు, మల్ల రారు అన్నడు. భయమైతే అందరికి సమజైతదన్నడు. నాతోని ఒట్టేయించుకున్నడు."

"మరి తువ్వాలు?"

"నవ్వు ఆగక నోట్ల కుక్కుకునేటోడు."

తువ్వాలు దండెం మీద ఉంది. ఒక కొస నమిలి నమిలి పోగులు లేచిపోయింది. దాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఇంతలో పక్కింటి అత్త వచ్చి, ఆర్పేసి ఉన్న టీవీ ముందు చతికిలబడింది.

"గా గోడెనుకోళ్ళు దొరకకముందే పాయె మా అన్న" అని కళ్ళొత్తుకుంది. "ఇగ వాళ్ళనెవలు పడ్తరు బిడ్డా?"

నేను తువ్వాలు కొస నోటికి అడ్డం పెట్టుకున్నాను.