దిక్కులు చూసే కాత్యాయని

దిక్కులు చూడ్డంలో కాత్యాయనిని మించినవాళ్ళు రాయచూరు పక్కనున్న శక్తినగర్ కాలనీలో పుట్టలేదు, ఇక పుట్టబోరు. బళ్ళో టీచరు బోర్డు మీద లెక్క రాస్తుంటే ఈవిడగారు కిటికీలోంచి విమానం కోసం వెతికేది. “పిల్ల చురుకైనదే, చూపే ఒకచోట నిలవదు” అని టీచర్లందరూ ఒకే పాట పాడుతుంటే, థర్మల్ స్టేషన్‌లో బాయిలర్ దగ్గర పనిచేసే నాన్న కుమారస్వామి తల పట్టుకునేవాడు.

అలా దిక్కులు చూసీ చూసీ ఆ పిల్ల ఏకంగా వైమానిక దళంలో చేరింది. నలువైపులా కన్నేసి ఉంచడం అక్కడ గొప్ప గుణమట! ఫైటర్ నడిపింది, పేరు తెచ్చుకుంది. ఇహనేం, గుంపుగా ఎగురుతూ విన్యాసాలు చేసే బృందంలోకి రమ్మని పిలుపొచ్చింది.

అక్కడ పడింది పేచీ. రెక్క పక్కన రెక్కగా ఎగిరేటప్పుడు లీడరు విమానాన్ని తప్ప ఇంక దేన్నీ చూడకూడదు. లీడరు తలకిందులైతే నువ్వూ తలకిందులే. నేల ఎటుందో నీకనవసరం. కాత్యాయని కళ్ళు వింటేగా! మలుపు తిరిగిన ప్రతిసారీ కిందికి ఓ దొంగచూపు, విమానం కాస్త వెనకబడడం. “సెలవు నుంచి రాగానే ఆఖరి పరీక్ష. మళ్ళీ దిక్కులు చూశావా, నీ పాత చోటికే” అన్నాడు లీడరు. ఎంత కష్టపడి వచ్చిన చోటు! పోతుందేమోనని ఒకటే దిగులు. ఇంట్లో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

సెలవులో ఓ సాయంత్రం కాలనీ రోడ్డు మీద ఒక్కతే, అరచెయ్యి చాచి అటూ ఇటూ వంచుతూ, “పైకి... తిప్పు... ఆగు” అని గొణుక్కుంటూ నడుస్తోంది. పక్కింటి జయాబాయి చూడనే చూసింది. అసలు సిసలు రాయచూరు మనిషి, ఆవిడ కంటపడ్డాక ఏదీ దాగదు.

“ఏందే కాత్యా, గాలి గిట్ల సోకిందా? నిమ్మకాయ తేవాల్నా?”

కాత్యాయనికి చెప్పక తప్పలేదు.

“గంతేనా! దీనికింత పరేషానా? షుగరున్న ఆడోళ్ళం రోజూ నడుస్తలేమా? మేమే నీ విమానాలు. నేను లీడర్ని.”

“మీరా అత్తా?”

“ఏం, నాకేం తక్కువ? నా కొప్పు చూసుకుంట రా. పక్కకు చూసినవో, నీ సంగతి చెప్త!”

జయాబాయికి చెబితే కాలనీకంతా చెప్పినట్టే. మర్నాటికి జట్టు సిద్ధం. ముందు జయాబాయి, ఎడమవైపు కాత్యాయని తల్లి సౌభాగ్యలక్ష్మి, కుడివైపు ఎదురింటి అంజమ్మ, వెనక మధ్యలో కాత్యాయని. చీరల కింద స్పోర్ట్స్ బూట్లు. కంపెనీ బస్సు డ్రైవరు బండి ఆపి మరీ చూశాడు.

అంతా బాగానే ఉండేది, మిర్చిబజ్జీల బండి వచ్చేదాకా. కాత్యాయని కళ్ళు టక్కున అటు పోయేవి, అడుగు వెనకబడేది. వెనక అడుగుల చప్పుడు తగ్గిందంటే చాలు, జయాబాయి తిరక్కుండానే “బజ్జీ చూసినవ్!” అని కేకేసేది.

“తిండి పెట్టకుండా పెంచామనుకుంటారే, సిగ్గులేదూ!” అని సౌభాగ్యలక్ష్మి వాపోయేది.

సెలవు చివరికొచ్చింది, కళ్ళు మాత్రం దారికి రాలేదు. ఆఖరి సాయంత్రం నడుస్తూ నడుస్తూ జయాబాయి “అయ్యో, పాలు!” అని అరిచి, గిరుక్కున తిరిగి తన క్వార్టర్‌లోకి దూసుకుపోయింది. లీడరు పోయాక రెక్కలాగుతాయా? తల్లీ, అంజమ్మా వెనకే. వాళ్ళ వెనకే కాత్యాయని. గేటు దాటి, వసారా దాటి, హాలు దాటి, వరస చెదరకుండా నలుగురూ వంటింట్లో తేలారు. పాలు అప్పటికే స్టవ్వు నిండా పొంగిపోయాయి. జయాబాయి స్టవ్వు కట్టేసి వెనక్కి తిరిగింది.

“హాల్ల మా ఆయన ఎట్లున్నడే?”

“వెంకోబరావు మామయ్యగారా? ఆయన ఇంట్లో ఉన్నారా?”

అంజమ్మ కిసుక్కున నవ్వింది. సౌభాగ్యలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది. రెక్కలు మాత్రం చూడనే చూశాయి మరి! స్నానం చేసి తువ్వాలు చుట్టుకుని హాలు మధ్యలో దొరికిపోయిన వెంకోబరావు, ఇప్పుడు తలుపు చాటు నుంచి గోల పెడుతున్నాడు.

“జయా, పోయిన్రా వాళ్ళు?”

“ఉండండి జర!” అని ఆయన్ని కసిరి, జయాబాయి కాత్యాయని బుగ్గ గిల్లింది. “అంత లావు మనిషి తువ్వాల చుట్టుకొని నిలబడితేనే కనపడలేదంటే, నీకింక భూమ్మీద కనపడేదేం లేదు. పో, పాసైనవ్!”

ఆఖరి పరీక్షలో లీడరూ అదే మాటన్నాడు, తువ్వాలు ఊసు లేకుండా.

బెంగళూరులో మొదటి ప్రదర్శనకు ముగ్గురాడవాళ్ళూ రైలెక్కి వెళ్ళారు. దూరానికి కనబడాలని సౌభాగ్యలక్ష్మి ఎర్రచీర కట్టింది. విమానాలు నెత్తిమీదికి రాగానే ఒళ్ళు మరిచిపోయి కొంగు ఊపింది. పక్కన జయాబాయి ఆకాశంలోకి ఒకటే అరుపు.

“చూడకు! ఇటు చూడకే తల్లీ!”

విమానాలన్నీ కలిసి తలకిందులై, కలిసి తిరిగి, కలిసే వెళ్ళిపోయాయి. ఒక్కటీ వెనకబడలేదు.

సాయంత్రం కాత్యాయని కనిపించగానే తల్లి చెయ్యి పట్టుకుంది.

“అంత ఊపానే, కనిపించానా?”

“లేదమ్మా.”

“ఒక్కసారైనా?”

“ఒక్కసారి కూడా లేదమ్మా.”

సౌభాగ్యలక్ష్మి ఘొల్లున ఏడ్చి, కూతుర్ని కావలించుకుంది. తిరుగు రైల్లో పెట్టెలో ఉన్నవాళ్ళందరికీ పేరుపేరునా చెప్పుకుంటూ వచ్చింది.

“మా అమ్మాయి నన్ను చూడనే లేదండీ!”