ఒనెసిమో గుండె చెప్పిన సాక్ష్యం

ఒనెసిమో గొర్రెల ఉన్ని కత్తిరించేవాడు. గొర్రెను ఒడిలోకి లాక్కుని, దాంతో కబుర్లాడుతూనే పని కానిచ్చేవాడు. ఒంటి మీద గాటు పడేది కాదు. మా ఎల్ సౌసె ఊళ్లో అతనికి కోపం వస్తుందని కూడా చాలామందికి తెలియదు.

ఆ ఏడు కాలవ నీళ్ల దగ్గర బావమరిది పోర్ఫీరియోతో మాటామాటా పెరిగింది. వారం తిరక్కుండా పోర్ఫీరియో గడ్డి కొట్టం తగలబడిపోయింది. చూసినవాళ్లు లేరు. అయినా వేళ్లన్నీ ఒనెసిమో వైపే లేచాయి. అతని భార్య డెల్ఫీనా, తమ్ముడికీ మొగుడికీ మధ్య నలిగిపోయింది.

"అబద్ధాలు పట్టే మిషను దగ్గర కూర్చుంటాను" అన్నాడు ఒనెసిమో. "నా నోటిని నమ్మకపోతే మానె, గుండెనైనా నమ్ముతారుగా."

చాలా రాష్ట్రాల్లో ఆ మిషనును కోర్టు గుమ్మం తొక్కనివ్వరు. మా న్యూ మెక్సికోలో దాని మాట వింటారు.

పరీక్షకు ముందురోజు అతను గుడికి వెళ్లి, తప్పులన్నీ ఫాదర్ చెవిలో ఒప్పుకుని పాపసంకీర్తనం చేసుకున్నాడు. బయటికొచ్చేసరికి ముఖం తేటపడి ఉంది.

"అంతసేపు ఏం చెప్పావు మావా?" అన్నాను, వరసకు మేనల్లుణ్ణన్న చనువుతో.

"అక్కడి మాట అక్కడే ఉంటుందిరా. చిన్నప్పటి నుంచి మోసిందంతా దించేశాను. ఉన్ని తీసిన గొర్రెలా ఉన్నాననుకో!"

"చలేస్తుందేమో చూసుకో."

"పోరా కోతీ!"

కోర్టులో పరీక్ష చేసినాయన జ్యూరీకి విడమరిచి చెప్పాడు. "రొమ్ముకు తీగలు తగిలించి ప్రశ్నలు వేస్తాం. మధ్యమధ్యలో పాత తప్పుల గురించి అడుగుతాం. ఎప్పుడైనా నమ్మినవాళ్లతో అబద్ధమాడావా, పరాయి వస్తువు తీశావా, అని. తప్పు చేయనివాడు వాటికే ఎక్కువ బెదురుతాడు. చేసినవాడు అసలు ప్రశ్నకు బెదురుతాడు. ఈయన గుండె పాత తప్పులకు చలించలేదు. కొట్టం అనగానే ఎగిరింది."

ఎగరదూ మరి? జైలు ముడిపడి ఉన్నది ఆ ఒక్క ప్రశ్నకే. పాత తప్పుల బరువు ముందురోజే దించుకొచ్చిన మనిషి, వాటికెందుకు బెదురుతాడు?

ఒనెసిమో కూడా బోనెక్కి అదే చెప్పాడు. "ముందురోజు గుడికెళ్లానండి. పాతవన్నీ ఫాదర్‌కి ఒప్పజెప్పేశాను."

ప్రాసిక్యూటర్ నవ్వాడు. "కొట్టం సంగతి కూడా ఒప్పజెప్పారా?"

ఒనెసిమో తడబడ్డాడు. "అక్కడి మాట... ఇక్కడ చెప్పకూడదండి."

జ్యూరీలో పట్నంవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లేదు అంటే సరిపోయేది. అలా చెప్పడం తప్పని ఏ ఫాదరూ అనడు. కానీ పుట్టి బుద్ధెరిగాక పాపసంకీర్తనం గదిలో మాట బయట ఎత్తని మనిషికి, లేని మాటను లేదనడానికి కూడా నోరు రాలేదు.

మూడేళ్లు వేశారు.

డెల్ఫీనాను జైలుకు నా పికప్పులో తీసుకెళ్లాను. బల్లకు అటు అతను, ఇటు మేము. ఆమె తన శాలువా అంచును వేళ్లకు చుట్టుకుంది.

"వాళ్లడిగింది సరే" అంది. "నాకు చెప్పు. ఫాదర్ దగ్గర కొట్టం మాట ఎత్తావా?"

ఒనెసిమో ఆమెను తేరిపార చూశాడు. చొక్కా బొత్తాం విప్పి రొమ్ము చూపించాడు.

"తీగలు తెచ్చావా? తగిలించు."

ఆమె లేచి వచ్చేసింది. తిరుగుదారిలో కొండ దిగాం.

"లేదు అనొచ్చుగా" అంది అప్పుడు. "నాకైనా అనొచ్చుగా."